పండుగ వచ్చింది, బిడ్డ రావలసి ఉన్నది

గత మాసం ఈ శీర్షికలో కాలనీ గృహాలలో విద్యుత్ పొదుపు గురించి ముచ్చటించుకున్నాము. ఈ మాసం యంత్రాల ఊసు కాస్త పక్కనబెట్టి, ఇంటి ముచ్చట ఒకటి పాఠకుల ముందుంచుతున్నాము. కొడుకో, కూతురో, తోబుట్టువో విదేశంలో లేని ఇల్లు మన టౌన్‌షిప్‌లో అరుదు. అలా వెళ్ళినవారిలో బిడ్డను దత్తత తీసుకోవాలని దరఖాస్తు పెట్టుకొని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవారూ ఉన్నారు. అటువంటివారు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మనమెలా మసలుకోవాలి, అసలు ఆ నిరీక్షణ అంత దీర్ఘం ఎందుకు అన్న విషయాలు కుటుంబంలోని పెద్దలు తెలిసి ఉండటం మంచిదని మాకు తోచింది.

మా తమ్ముడు, మరదలు పదహారేళ్ళుగా అమెరికాలోని డల్లాస్‌లో ఉంటున్నారు. వారికి సంతానం కలగలేదు. వైద్యం చాలించి దత్తత మార్గం పట్టి మూడేళ్ళు కావస్తున్నది. ఇద్దరూ అక్కడి పౌరసత్వం స్వీకరించిన ఓ.సి.ఐ. కార్డుదారులు. కావున ఇక్కడ పుట్టిన బిడ్డను వారు తీసుకున్నా, చట్టం దృష్టిలో అది దేశాంతర దత్తతే అవుతుంది. 2025 సంక్రాంతికి వారు మూడు వారాల సెలవుపై వచ్చారు. కోనసీమలోని మా స్వగ్రామంలో, మా తల్లిగారి వద్ద, పండుగ రోజులన్నీ అందరమూ కలిసి గడిపాము. ఇంటినిండా చుట్టాలు, వంటింట్లో అరిసెల పాకం, వాకిట్లో గొబ్బెమ్మలు, లోటు లేదు. అయితే తమ్ముడు మాత్రం పూటకు రెండుసార్లు మేడ ఎక్కి ఫోన్ చూసుకుని వచ్చేవాడు. కింద సిగ్నల్ సరిగా అందదు. బిడ్డ వివరాలు ఏ క్షణాన పంపుతారో తెలియదు. వచ్చిన పిమ్మట ఆ బిడ్డను తమకు కేటాయించమని తెలుపవలసిన గడువును రోజులతో గాక గంటలతో లెక్కిస్తారు. అందుకని బిడ్డ వైద్య నివేదిక చదివి చెప్పడానికి పిల్లల డాక్టరుగారిని ఒకరిని ముందే మాట్లాడుకుని ఉంచారు.

దత్తత మన తెలుగు ఇళ్ళకు కొత్త విషయం కాదు. పూడిపెద్ది వారింట పుట్టిన శ్రీశ్రీ దత్తు వెళ్ళి శ్రీరంగం వారయ్యారు. కొమ్మూరి వారింట పుట్టిన చలం మాతామహుల ఇంటికి దత్తు వెళ్ళి గుడిపాటి వారయ్యారు. మన బంధువర్గంలో వెదికితే ప్రతి తరంలోనూ పెంపకానికి వెళ్ళినవారు ఒకరిద్దరు కనబడతారు. కాని ఆ పద్ధతి వేరు. వంశం నిలపడానికి, కర్మ చేయడానికి మగబిడ్డను తెచ్చుకోవడం దాని ఉద్దేశం. ఇచ్చేవారు, తీసుకునేవారు ఒకరినొకరు ఎరిగినవారే. 1956లో వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టంతోనే ఆడపిల్లను దత్తత తీసుకోవడానికీ, స్త్రీ తన పేర దత్తత చేసుకోవడానికీ స్పష్టమైన వీలు కలిగింది. ఊరూ పేరూ తెలియని బిడ్డను ఇంటి బిడ్డగా చేసుకోవడం అన్న ఆలోచన మన సమాజంలో ఆ తరువాత మెల్లమెల్లగా పెరిగినదే.

విదేశీ దంపతులకు ఒకప్పుడు 1890 నాటి సంరక్షకుల చట్టం ఒక్కటే ఆధారం. ఇక్కడి న్యాయస్థానంలో సంరక్షకులుగా ఉత్తర్వు పొంది, బిడ్డను తమ దేశానికి తీసుకువెళ్ళి అక్కడ దత్తత చేసుకునేవారు. ఈ పద్ధతిలో జరుగుతున్న అక్రమాలను గురించి లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు ఒక లేఖ రాశారు. న్యాయస్థానం ఆ లేఖనే పిటిషన్‌గా స్వీకరించింది. 1984 ఫిబ్రవరిలో జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పు దేశాంతర దత్తతకు తొలిసారిగా కట్టుదిట్టమైన నియమాలు ఏర్పరచింది. 1990లో కేంద్ర ప్రభుత్వం 'కారా' అనే కేంద్ర దత్తత సంస్థను నెలకొల్పింది. 1993 మే 29న హేగ్ నగరంలో దేశాంతర దత్తతపై అంతర్జాతీయ ఒడంబడిక కుదిరింది. మన దేశం దానిని 2003లో ధ్రువీకరించింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం కారాకు చట్టబద్ధమైన హోదా కల్పించింది.

ఈ చట్టాలన్నింటి సారాంశం ఒక్కటే. బిడ్డకు మొదట కన్నవారి ఇల్లు. అది కుదరనప్పుడు స్వదేశంలో మరొక ఇల్లు. అదీ కుదరనప్పుడే పరదేశంలో ఇల్లు. మా తమ్ముడు, మరదలు నిలబడి ఉన్నది ఈ మూడవ మెట్టు మీద. దేశంలో నివసించే దంపతులు, ప్రవాసంలో ఉన్న భారత పౌరులు చూసిన తరువాతనే బిడ్డ వివరాలు ఓ.సి.ఐ. వారికి, విదేశీయులకు చేరతాయి. అందుచేతనే సముద్రాలు దాటి వెళ్ళే బిడ్డలలో కాస్త వయసు వచ్చినవారు, తోబుట్టువులతో ఉన్నవారు, ఏదో ఒక ఆరోగ్య సమస్య ఉన్నవారు ఎక్కువగా ఉంటారు. ఈ సంగతి తెలిసే మరదలు దరఖాస్తులో, ఆపరేషన్‌తో సరిచేయదగిన లోపమున్న బిడ్డ అయినా సమ్మతమేనని రాయించింది.

వయసుకూ లెక్క ఉన్నది. రెండు నుంచి నాలుగేళ్ళ లోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసుల మొత్తం 90 దాటరాదు. దరఖాస్తు నాటికి తమ్ముడికి 46, మరదలికి 43, మొత్తం 89. పై మెట్టుకు, అనగా నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ బిడ్డకు, పరిమితి 100. అమెరికా ప్రభుత్వం ఇచ్చే అర్హతా పత్రం 15 నెలలు మాత్రమే చెల్లుతుంది. అప్పటికీ బిడ్డ ఖరారు కాకపోతే పొడిగింపు కోరాలి. ఆ పొడిగింపు వారు ఒకసారి ఇప్పటికే తీసుకున్నారు. సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి ఆదాయం, ఆరోగ్యం, పోలీసు రికార్డు, ఇంట్లో పొగ హెచ్చరిక యంత్రం పనిచేస్తున్నదా లేదా అన్నంతవరకు తనిఖీ చేసి, భార్యాభర్తలను విడివిడిగా ప్రశ్నించి నివేదిక రాస్తారు. బిడ్డ ఖరారైన తరువాత కూడా కారా నిరభ్యంతర పత్రం, జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వు, పాస్‌పోర్టు, వీసా వరుసగా రావాలి. దత్తత ఉత్తర్వులిచ్చే అధికారం 2022 సెప్టెంబరు వరకు న్యాయస్థానాలది. ఆ తరువాత జిల్లా మేజిస్ట్రేట్లకు వచ్చింది. బిడ్డ వెళ్ళిన పిమ్మట రెండేళ్ళపాటు, మొదటి ఏడు మూడు నెలలకొకటి, రెండవ ఏడు ఆరు నెలలకొకటి చొప్పున ఆరు నివేదికలు భారతదేశానికి పంపాలి.

భోగి నాటి మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ ప్రస్తావన వచ్చింది. వరుసకు మాకు బాబాయి అయ్యే పెద్దాయన ఒకరు, "ఆశ్రమాలనిండా పిల్లలుండగా మీకు మూడేళ్ళు పట్టడమేమిట్రా? మనవాళ్ళలోనే ఒక బిడ్డను తీసుకుని కాగితం రాసుకుంటే సరిపోయేదిగా!" అన్నారు. ఈ మాట చాలా ఇళ్ళలో వినబడేదే గనుక సమాధానం ఇక్కడ వివరంగా ఇస్తున్నాము.

మొదటిది: ఆశ్రమాలలో ఉన్న పిల్లలందరూ దత్తతకు అర్హులు కారు. ఎందరికో తల్లో తండ్రో ఉన్నారు. పేదరికం వల్లనో, జబ్బు వల్లనో, చదువు కోసమో అక్కడ ఉంచారు. బాలల సంక్షేమ సమితి విచారణ జరిపి, ఈ బిడ్డకు ఎవరూ లేరనో, ఉన్నవారు ఇష్టపూర్వకంగా అప్పగించారనో నిర్ధారించి ప్రకటిస్తేనే దత్తతకు వీలు. దొరికిన బిడ్డకు రెండేళ్ళ లోపు వయసైతే రెండు నెలలలోగా, అంతకు పైబడితే నాలుగు నెలలలోగా ఆ నిర్ధారణ ముగించాలి. కన్నవారే సమితి ముందుకు వచ్చి అప్పగిస్తే, మనసు మార్చుకొని బిడ్డను తిరిగి తీసుకువెళ్ళడానికి వారికి 60 రోజుల గడువు ఉన్నది.

రెండవది: బంధువుల బిడ్డ అయినంత మాత్రాన దస్తావేజు రాసుకుని విమానం ఎక్కించడానికి లేదు. దేశం దాటే బిడ్డకు హేగ్ ఒడంబడిక పద్ధతిలో రెండు దేశాల అనుమతీ కావలసిందే.

ఇంత కట్టడి ఎందుకు వచ్చిందో మన రాష్ట్రం వారికి ప్రత్యేకంగా గుర్తుండాలి. 1999లోను, మళ్ళీ 2001లోను హైదరాబాదు కేంద్రంగా శిశువుల విక్రయ ఉదంతాలు వెలుగుచూశాయి. నల్గొండ తదితర జిల్లాల తండాలలోని పేద లంబాడీ తల్లుల నుంచి ఆడశిశువులను స్వల్ప మొత్తాలకు సేకరించి, వారు ఇష్టపడి వదులుకున్నట్లు కాగితాలు పుట్టించి, విదేశాలకు దత్తత పేర పంపుతున్నారన్నది నాటి అభియోగం. కన్నవారు నేరుగా బిడ్డను అప్పగించే పద్ధతినే నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో నిషేధించవలసి వచ్చింది. అవతలి దేశంలో తొట్టె కట్టుకొని ఎదురుచూసిన దంపతులలో ఎందరికో ఈ సంగతులేవీ తెలిసి ఉండవు. వారికి అందినవి సంతకాలు, ముద్రలు సక్రమంగా ఉన్న కాగితాలు మాత్రమే.

మన వృత్తిలో లైన్ క్లియర్ అనే పద్ధతి ఉన్నది. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్.సి. తీసుకుంటాడు. పని ముగిసి, తన మనుషులందరూ కిందికి దిగారని సరిచూసుకొని, ఎవరు తీసుకున్నారో వారే తిరిగి ఇచ్చేవరకు ఆపరేటర్ ఆ లైన్‌ను ఛార్జి చేయడు. ఊరంతా చీకటిలో ఉండి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నా చేయడు. ఇళ్ళలో కూర్చున్నవారికి స్తంభం మీది మనిషి కనబడడు. అందుకే వారికి విసుగు. ఆపరేటర్‌కు కనబడకపోయినా అక్కడొక మనిషి ఉన్నాడన్న ఎరుక ఉంటుంది. అందుకే అతడు ఆగుతాడు. దత్తతలోని ఈ 60 రోజులు, ఈ విచారణలు ఎవరికోసం? మనకు ఎన్నడూ కనబడని ఒక తల్లి కోసం. ఆమెకు చెప్పవలసిన మాట ఏదైనా మిగిలి ఉంటే చెప్పుకోవడానికి ఇచ్చిన వ్యవధి అది.

మేము ఈ ఉపమానం చెబుతుండగా బంధువుల ఇంటి పిన్నిగారొకరు నిట్టూర్చి, "ఎన్ని చెప్పినా, కన్నబిడ్డను వదిలేసిన తల్లి ఏం తల్లి?" అన్నారు. అంతవరకు మౌనంగా వడ్డిస్తున్న మా మరదలు చేతిలోని గరిటె పళ్ళెంలో పెట్టి, "అలా అనకండి పిన్నిగారూ. రేపు నా బిడ్డ వింటుంది," అన్నది. ఆ తరువాత ఎవరూ ఆ విషయం ఎత్తలేదు.

రాత్రి మేడ మీద తమ్ముడు మాతో చెప్పిన మాట కూడా ఇక్కడ రాయవలసి ఉన్నది. "ఆ గడువులో ఒక తల్లి వెనక్కి వచ్చి బిడ్డను తీసుకువెళ్ళిందంటే, మా నిరీక్షణ ఇంకొంచెం పెరిగినట్టే అన్నయ్యా. ఆ సంగతి తెలుస్తూనే ఉంటుంది. ఒక్కొక్కప్పుడు కోపం కూడా వస్తుంది. అయినా పెరగనీ. ఆవిడ ఏడుస్తుండగా తెచ్చుకున్న బిడ్డను మేమెట్లా పెంచగలం?" మేము జవాబు చెప్పలేదు. ఓదార్పు వాక్యాలు చెప్పి వాడి మాటను తేలిక చేయడం మాకు సమంజసంగా తోచలేదు.

కులగోత్రాల ప్రసక్తి కూడా రాకపోలేదు. మా తల్లిగారికి 84 సంవత్సరాలు. మడి, ఆచారం గట్టిగా పాటించే మనిషి. ఆమెను ఉద్దేశించి ఎవరో, "ఏ గోత్రం బిడ్డ వస్తుందో ఏమో కదా వదినా," అన్నారు. ఆమె ఒత్తులు చేస్తూ తల ఎత్తకుండానే, "దత్తుకు పెంచుకున్నవాళ్ళ గోత్రమేగా. ఇంకా అడగడం దేనికి?" అన్నారు. శాస్త్రమూ అదే, చట్టమూ అదే. దత్తత ఉత్తర్వు వెలువడిన నాటి నుంచి బిడ్డకు కన్నబిడ్డతో సమానమైన హక్కులన్నీ సంక్రమిస్తాయి.

ఆనాటి సాయంత్రం భోగిపళ్ళ పేరంటం. రేగుపళ్ళు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, పూల రేకులు, చిల్లర నాణేలు కలిపి పసిపిల్లల తలపై పోయడం పాఠకులకు తెలిసినదే. పిల్లలు లేని ఆడవారు ఇటువంటి వేడుకలలో తమంతట తామే వెనుక వరుసకు జరుగుతారు. మిగిలినవారూ చూడనట్టు ఊరుకుంటారు. మరదలు వసారాలో స్తంభం పక్కన నిలబడింది. మా తల్లిగారు పళ్ళెం చేతపట్టుకొని, పేరంటాళ్ళందరి ఎదుటా, "అమ్మాయ్, ముందు నువ్వు వచ్చి పొయ్యి," అని పిలిచారు. మా చెల్లెలి మనుమడికి మొదటి దోసిలి మరదలే పోసింది. ఇందులో ప్రత్యేకత ఏమీ లేదన్నట్టు మా తల్లిగారు తరువాతి పేరంటాలిని పిలిచారు.

ఇటువంటి ఇంటి పెద్దలకు ఉపయోగపడగలవని కొన్ని సంగతులు మనవి చేస్తున్నాము.

"ఎప్పుడు వస్తుంది?" అని అడగవద్దు. వారికీ తెలియదు. తెలిసిననాడు వారే చెబుతారు. "బిడ్డను తెచ్చుకుంటే సొంతబిడ్డ పుడతాడట" అన్న ఓదార్పు అసలే వద్దు. రాబోయే బిడ్డ మరొక బిడ్డకు మెట్టు కాదు, ఆ బిడ్డే సొంతబిడ్డ.

బిడ్డ ఫోటో, వివరాలు వచ్చినప్పుడు వాట్సాప్ బృందాలలో పంచవద్దు. అవి గోప్యంగా ఉంచవలసినవి. దత్తత పూర్తి కాకమునుపు ఆ బిడ్డ ఇంకా ప్రభుత్వ రక్షణలోని బిడ్డే.

బిడ్డ మన భాష బిడ్డే అయి ఉండాలని లేదు. ఏ రాష్ట్రం నుంచైనా రావచ్చు. మూడేళ్ళ బిడ్డ అయితే అప్పటికే ఒక భాష, ఒక అన్నపు రుచి, నిద్రపుచ్చే ఒక చెయ్యి ఎరిగి ఉంటుంది. అవన్నీ ఒక్కనాడు పోగొట్టుకొని కొత్త ఇంటికి వస్తుంది. కాబట్టి తొలి వారాలలో అన్నం పెట్టడం, ఎత్తుకోవడం, నిద్రపుచ్చడం తల్లిదండ్రులకే విడిచిపెట్టాలి. తాతమ్మలు, పెదనాన్నలు చుట్టూ చేరి చేతులు మార్చుకుంటే, ఎవరిని పట్టుకోవాలో బిడ్డకు అంతుపట్టదు. మేము, మా శ్రీమతి ప్రయాణానికి తొందరపడకుండా, వారు రమ్మన్ననాడే వెళ్ళాలని నిర్ణయించుకున్నాము.

దత్తత సంగతి బిడ్డ దగ్గర దాచవద్దు. ఏదో ఒకనాడు ఏ పెళ్ళిలోనో, ఏ చుట్టం నోటనో బయటపడేకంటే, ఊహ తెలిసిననాటి నుంచి తల్లిదండ్రుల నోట వినడమే బిడ్డకు క్షేమం.

ఇక దేశంలోనే దత్తత తీసుకోదలచిన మన ఉద్యోగులకు ఒక మాట. వారూ కారా వారి 'కేరింగ్స్' ఆన్‌లైన్ పద్ధతిలోనే నమోదు చేసుకోవాలి. జిల్లా బాలల సంరక్షణ విభాగం వారు ఇందుకు సహకరిస్తారు. ఆసుపత్రిలోనో, మధ్యవర్తి ద్వారానో ఊరూ పేరూ తెలియని బిడ్డను తెచ్చుకొని పెంచుకోవడం దయాకార్యంగా కనిపించవచ్చు గాని, చట్టం ప్రకారం నేరం. దానికి మూడేళ్ళ వరకు జైలు గాని, లక్ష రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. బిడ్డను అమ్మినా, కొన్నా శిక్ష ఐదేళ్ళ వరకు ఉంటుంది. శిక్ష మాట అటుంచి, ఆ బిడ్డ తల్లి ఎవరో, ఇష్టపడి ఇచ్చిందో లేదో తెలియకుండా పెంచిన బరువు జీవితాంతం వెంట వస్తుంది.

కనుమ, ముక్కనుమ గడిచాయి. సెలవు ముగిసింది. ఏ కబురూ రాకుండానే తమ్ముడు, మరదలు డల్లాస్‌కు తిరిగి వెళ్ళారు. ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేనాటికి కూడా కబురు లేదు. వారు వరుసలోనే ఉన్నారు. ఆ వరుస మెల్లగా కదులుతున్నదంటే ఎక్కడో ఒక బిడ్డ విషయమై ఎవరో శ్రద్ధగా విచారిస్తున్నారని అనుకోవడానికి మా ఇంటిల్లిపాదీ అలవాటు పడుతున్నాము. అది అంత సులభమైన అలవాటు కాదని కూడా ఒప్పుకుంటున్నాము.

వచ్చే మాసం, వేసవి ముదరక మునుపే ఇంటి వైరింగ్‌ను ఎలా తనిఖీ చేయించుకోవాలో ముచ్చటించుకుందాము.